సాఫు ప్రతి

నేను ముప్పై ఒక్క ఏళ్ళు జనం మాటలు దిద్దాను. దిద్దమని ఎవరూ అడగలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. కాకినాడ కోర్టులో బెంచి గుమాస్తాని. బోనులో నిలబడినవాడు దగ్గుతూ, ముక్కు చీదుతూ, మరదలి పెళ్ళి దగ్గర మొదలెట్టి పొలంగట్టు దగ్గర తేల్చే కథంతా విని, జడ్జీగారికి పనికొచ్చే నాలుగు వాక్యాలుగా కాగితం మీద పెట్టేవాణ్ణి. చిత్తు వాళ్ళది, సాఫు నాది. "భీమశంకరంగారూ, మీరు రాస్తే దొంగ కూడా వ్యాకరణం తప్పకుండా దొంగతనం చేసినట్టుంటుందండీ" అన్నారు ఒక జడ్జీగారు. ఆ మాట పదేళ్ళు ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు ఎవరికీ చెప్పను.

రిటైరైన ఏడాదికి యానాం నుంచి కబురొచ్చింది. అక్కడ కొత్తగా న్యాయ ప్రయోగశాల ఒకటి పెట్టారు. యానామే ఎందుకంటే, కాకినాడలో ఇంగ్లీషు చట్టం నడిచిన రోజుల్లో, ముప్పై కిలోమీటర్ల అవతల యానాంలో ఫ్రెంచి చట్టం నడిచేది. ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఇందుమతిగారి ముత్తాత ఆ ఫ్రెంచి కోర్టులో దుబాసీ అట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయేది.

"ఇది ఇంగ్లీషు పద్ధతండీ" అంటూ మొదటి గది తలుపు తీశారు. నా పాత కేసుల్లోంచి ఒక మేక దొంగతనం తీసి యంత్రాలకిచ్చారు. ఒక గోడలోంచి ఒక గొంతు "తీశాడు" అంది. ఎదుటి గోడలోంచి ఇంకో గొంతు "తీయలేదు, చూశానన్నవాడికి అసలు చూపే ఆనదు" అంది. గంటసేపు పొడుచుకున్నాయి. మధ్యలో మూడో యంత్రం చడీచప్పుడు లేకుండా విని, ఆఖర్న ఎవరు నెగ్గారో చెప్పింది. తనంతట తాను ఒక్క ప్రశ్న వేయలేదు. ముద్దాయి నోరు విప్పక్కర్లేదు కూడా. రుజువు చేసే బరువు అవతలివాళ్ళది.

రెండో గదిలో పోట్లాట లేదు. ఒకటే గొంతు, మెత్తటిది. అది ముద్దాయిని అడిగింది, మేకగలామెని అడిగింది, కొన్నవాణ్ణి అడిగింది, ఆ మేకకి పలుపు తెంచుకునే అలవాటుందా అని కూడా అడిగింది. ముద్దాయికి చెరుపు చేసేదీ మేలు చేసేదీ తనే వెతికి, అంతా ఒక ఫైల్లో రాసుకుంది. మర్నాడు మళ్ళీ పిలిచి, రాసింది చదివి వినిపించి, మళ్ళీ అడిగింది. ఆఖర్న ఆ ఫైలు చూసే తీర్పు చెప్పింది. "ఇది ఫ్రెంచి పద్ధతి" అన్నారు ఇందుమతిగారు.

మొదటిదానికి కోడిపందెం గది అని, రెండోదానికి ఆరా గది అని నేనే పేర్లు పెట్టాను. వారం తిరక్కుండా ప్రయోగశాలంతా అవే పేర్లు.

యంత్రాలకి తెలుగొచ్చు. అయితే అది పేపర్ల తెలుగు. బోనులో నిలబడేవాళ్ళ తెలుగు నేర్పడానికి నన్ను పిలిచారు. ఎడమవైపు జనం అనే మాట, కుడివైపు దాని అర్థం, మొత్తం నాలుగు వేల వరసల పట్టీ. "ఏసేశాడండి" అంటే ఒకచోట కొట్టాడని, ఇంకోచోట చంపాడని, మరోచోట తాగాడని. ఇవన్నీ విడదీసి చెబుతుంటే ఇందుమతిగారు కళ్ళింతలు చేసుకుని వినేవారు. నేను ఉబ్బిపోయేవాణ్ణి. ఇంకో సలహా కూడా ఇచ్చాను. "సాఫు తయారయ్యాక చిత్తు ఉంచకూడదండీ. రెండుంటే రెండు నాలుకలవుతాయి" అన్నాను. కోర్టులో మా పెద్ద గుమాస్తా నాకు నేర్పిన పాఠమది. అప్పటినుంచీ యంత్రం విన్న అసలు మాటల్ని దాచడం మానేశారు.

ఒక మధ్యాహ్నం పదకొండు వందల నలభై ఆరో వరస దగ్గర ఆవిడ ఆగారు.

"'చంపాను', 'చంపుకున్నాను'. ఈ రెండూ ఒకటేనాండీ?"

నాకు ఆకలేస్తోంది. "ధాతువు ఒకటేగా. అయినా చచ్చినవాడు రెండింట్లోనూ చచ్చినట్టేనండీ" అన్నాను. ఆవిడ నవ్వారు, నేనూ నవ్వాను. కింది వరసలో 'ఆయ్' అంటే 'అవును' అని రాసి భోజనానికి లేచాను.

మూడేళ్ళకి అది ప్రయోగంగా ఉండడం మానేసింది. ఊళ్ళో జరిగిన ప్రతి నేరం రెండు గదుల్లోకీ వెళ్ళేది. రెండూ వేరువేరుగా చెబితే మనిషి జడ్జీ కూర్చుంటాడు. రెండూ ఒకటే చెబితే అదే ఆఖరి మాట, ఆపైన అప్పీలు లేదు. "రెండు వేరే దార్లలో వెళ్ళి ఒకే ఇంటికి చేరితే, అది ఆ ఇల్లు కాకుండా పోయే అవకాశం ఎంతండీ?" అనేవారు ఇందుమతిగారు. నిజమే కదా అనుకునేవాణ్ణి.

నా చెల్లెలు సత్యవేణి ఆ ఊళ్ళోనే ఫరంపేటలో ఉండేది. వాళ్ళాయన రాంపండు పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. పిల్లల్లేరు. బావకి షుగరు. ఎంతెంత పెద్ద ఇంజన్లనో విప్పి పారేసే మనిషికి సూదంటే చచ్చే భయం. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ సత్యవేణే పొడిచేది. ఆయన మొహం అటు తిప్పుకుని "అయిందా?" అనేవాడు. అయ్యాక కూడా అదే అడిగేవాడు.

ఒక పెళ్ళిలో బావ మూడు కాజాలు తిన్నాడు. ఎవరో వచ్చి చెల్లెలికి చెప్పారు. దానికి కోపం వస్తే అరవదు, మాట మానేస్తుంది. రెండ్రోజులు మానేసింది. మూడోనాడు పొద్దున్న, ఇవాళ కూడా ఇది రాదనుకుని బావ తనే సూది పొడుచుకున్నాడు. జన్మలో మొదటిసారి. ఖాళీ సిరంజిని కాగితంలో చుట్టి, ఇంజన్లు విప్పే పానాల పెట్టెలో పడేశాడు. కాసేపటికి సత్యవేణి మనసు కరిగి సిరంజి పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అప్పుడేం జరిగిందో చూసినవాళ్ళు లేరు, నేను ఊహించుకున్నదే. రెండ్రోజుల తరువాత పెళ్ళాం పక్కన కూర్చుంటే, "నేనే పొడుచుకున్నాను, నువ్వక్కర్లేదు" అనే మొగుడెవడు?

అది చేపల మార్కెట్టుకి వెళ్ళి వచ్చేసరికి పన్నెండయింది. బావ పానాల పెట్టె పక్కన పడి ఉన్నాడు. పొద్దున్న టిఫిను కూడా తినలేదు, ఒంట్లో రెండు సూదుల మందు.

ఆస్పత్రికి నేను వెళ్ళేసరికి సత్యవేణి నేలమీద కూలబడి ఉంది. నన్ను చూసి నా కాళ్ళు పట్టుకుంది.

"నా చేతులారా చంపుకున్నానన్నయ్యా! సూదిచ్చి చంపుకున్నాను! మూడు కాజాల కోసం రెండ్రోజులు మాట్టాడలేదన్నయ్యా ఆయనతో!"

పక్కన నిలబడిన నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ అమ్మాయిది ఏ తప్పూ లేదు. మర్నాడు యంత్రం అడిగితే విన్నది విన్నట్టు చెప్పింది. యంత్రం ఆ మాటని సాఫు చేసుకుంది.

చెల్లెలి కేసు కాబట్టి నన్ను రెండు గదుల్లోకీ రానివ్వలేదు. నాకేం భయం లేదు. బయట బల్లమీద కూర్చుని, ఇంత చిన్న విషయం తేల్చలేకపోతే అవేం యంత్రాలు అనుకున్నాను. పది నెలలకి తీర్పు వచ్చింది. రెండు గదులూ ఒకటే మాట. హత్య. యావజ్జీవం.

ఫైలు నకలు చేతికిచ్చారు. ఇంటికి తెచ్చి వసారాలో కూర్చుని చదివాను.

కోడిపందెం గదిలో చెల్లెలి తరఫు యంత్రం మొదటిరోజే దానికి చెప్పింది, నోరు విప్పొద్దని. చట్టప్రకారం మంచి సలహాయే. సత్యవేణి అన్నాళ్ళూ చేతులు కట్టుకుని నిలబడింది. అవతలి యంత్రం నర్సమ్మ చెప్పిన మాట పట్టుకుంది. "ముద్దాయి తన చేతులతో చంపానని చెప్పింది." ఇవతలిది ఏమని వాదించింది? నర్సు సరిగ్గా వినలేదని వాదించింది, ఆస్పత్రిలో గోలగా ఉందని వాదించింది. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని మాత్రం అనలేదు. దానికి తెలిస్తే కదా. అది చదివిన తెలుగు కూడా నేను రాసిందే. లేని గొడవకి వీరంగం వేసి, ఉన్న గొడవ వదిలేసింది. వింటున్న యంత్రం తనంతట తాను ప్రశ్న వేయకూడదు, వేయలేదు.

ఆరా గది అన్నీ అడిగింది. ఎంతో మెత్తగా, సత్యవేణి తోబుట్టువులా అడిగింది. సత్యవేణీ పాపం అన్నీ చెప్పింది, కాజాలతో సహా. ఫైల్లో కాజాలు 'పూర్వ వైరం' అయ్యాయి. పానాల పెట్టెలో సిరంజి 'దాచిన ఆధారం' అయింది. మొదటి పేజీలోనే ఉంది, 'నా చేతులతో అతన్ని చంపాను' అని. ప్రతి విచారణా ఆ పేజీ చదవడంతో మొదలయింది. "ముందు మీరు చెప్పినది ఇదీ, అవునా?" అని అడిగింది యంత్రం. ఎదురుగా, 'ముద్దాయి: అవును.' ఎనిమిది విచారణల్లోనూ, 'అవును.'

నాకు అర్థం కాలేదు. అది 'అవును' అనే మనిషి కాదు. పుట్టి బుద్ధెరిగాక దాని నోట ఆ మాట వినలేదు. పెద్దవాళ్ళు ఏదన్నా చెబుతుంటే "ఆయ్" అంటుంది. మా వైపు అందరం అంటాం. వింటున్నానండీ అని, చెప్పండీ అని, మీరు పెద్దవారు ఎదురు చెప్పనండీ అని.

అప్పుడు లేచి బీరువాలోంచి నా పట్టీ తీశాను. పదకొండు వందల నలభై ఆరు, దాని కింద నలభై ఏడు. నా చేతిరాత చాలా బావుంటుంది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. నాకు ఏడుపు రాలేదు. భయమేసింది.

తెలుగు మాట్లాడే ఏ పసిపిల్లనడిగినా చెబుతుంది. చేపని చంపుతాం, పాముని చంపుతాం. చంపుకునేది మనవాళ్ళని. ఆ 'కు' ఒక్కటీ ఉంటే పోయింది నాదీ అని, పోగొట్టుకుంది నేనూ అని. ఎన్ని వేల మంది బోనులో నిలబడి ఆ 'కు' అన్నారో, ఎన్నిసార్లు నేను దాన్ని తీసేసి వాక్యం బిగించానో. ఆ రోజుల్లో కనీసం జడ్జీగారు మనిషి మొహం చూసేవారు.

మర్నాడు పొద్దున్నే పట్టీ పట్టుకెళ్ళి ఇందుమతిగారి ముందు పెట్టాను. ఆవిడ ఆ రెండు వరసలూ వేలు పెట్టి చదివారు.

"రెండు దార్లనుకున్నానండీ" అన్నారు.

"దార్లు రెండేనమ్మా. దారి అడిగింది మాత్రం రెండుసార్లూ నన్నే, అంతే."

ఆవిడ మంచి మనిషి. దాచేద్దామనలేదు. వారంలో పట్టీ దిద్దించారు, ఆ వరసలు తగిలిన కేసులు ఇంకో పదకొండు ఉన్నాయని తేల్చారు, తన మీద తనే పైకి నివేదిక రాసుకున్నారు. కానీ తీర్పు మార్చడానికి ఆవిడకి అధికారం లేదు. ఆఖరి మాట అయిపోయింది. ఒక్క సందు ఉంది. వాంగ్మూలం ఇచ్చినవాళ్ళే వచ్చి, నేనన్నది ఇదీ అని సరిచేస్తే ఫైలు మళ్ళీ తెరుచుకుంటుంది.

"అసలు మాటలు వినిపిస్తే సరిపోదాండీ?" అన్నాను.

ఆవిడ నా వైపు జాలిగా చూశారు. "చిత్తు ఉంచొద్దన్నారు కదండీ."

నర్సమ్మని అడిగితే, "చంపుకున్నానందో, చంపానందో ఇప్పుడు ఒట్టేసి చెప్పలేనండీ, ఏడాది కావొస్తోంది" అంది. నేను తోడబుట్టినవాణ్ణి కాబట్టి నా మాట చెల్లదన్నారు. ఇక మిగిలింది సత్యవేణి నోరు. దాని నోట్లోంచి ఒక్క మాట, అందులో ఒక్క అక్షరం రావాలి.

జైలుకి ములాఖత్‌కి వెళ్ళాను. చిక్కిపోయింది, జుట్టు పలచబడింది. కూర్చోగానే అడిగింది.

"ఆయన పానాలకి నూనె రాస్తన్నావా అన్నయ్యా? ఉప్పుగాలికి తుప్పట్టేత్తాయి."

"రాస్తున్నానమ్మా. నే చెప్పేది విను. తప్పంతా నాది. ఆ యంత్రానికి తెలుగు నేర్పింది నేనే, తప్పు నేర్పాను. నువ్వు బావని చంపావని రాసుకుంది."

"ఆయ్."

"శుక్రవారం మళ్ళీ పిలుస్తారు. ఈసారి సరిగ్గా అడుగుతుంది. చంపావా, చంపుకున్నావా అని. ఆస్పత్రిలో నువ్వు నాతో ఏమన్నావో అదే అను. చంపుకున్నానని. అంతే చాలు. మనిషి జడ్జీ చూస్తాడు, ఇంటికొచ్చేస్తావు."

"ఆయ్."

"అంటావుగా?"

"ఆయ్ అన్నయ్యా."

బయటికి వచ్చి హాయిగా గాలి పీల్చుకున్నాను. ఒప్పుకుంది కదా అనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు కోర్టులో చేసి, పట్టీ రాసి, దిద్దించి, అంతా అయ్యాక కూడా నేను అలాగే అనుకున్నాను.

శుక్రవారం ఆరా గదిలోకి నన్ను బంధువుగా రానిచ్చారు. మూల బెంచీమీద కూర్చున్నాను. ఇందుమతిగారు తలుపు దగ్గర నిలబడ్డారు. సత్యవేణిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. గది గొంతు మునుపటిలాగే మెత్తగా ఉంది.

"సత్యవేణిగారూ, మీ మాట నేను తప్పుగా రాసుకుని ఉండొచ్చు. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. మీ భర్త గురించి మీరు 'చంపాను' అన్నారా, 'చంపుకున్నాను' అన్నారా? తొందర లేదు."

సత్యవేణి ఒళ్ళో చేతులు చూసుకుంది. ఎంతసేపు చూసుకుందో. నేను పెదాలు కదుపుతున్నాను. చంపు-కు-న్నాను. చిన్నప్పుడు బడికెళ్ళే ముందు దానికి పాఠం అప్పజెప్పించినట్టు.

"చంపానండి" అంది.

నేను లేచి నిలబడ్డాను. "కు! కు అను తల్లీ! చంపుకున్నానను!"

"బయటివాళ్ళు మాట అందించకూడదు" అంది గొంతు, నెమ్మదిగానే. "సత్యవేణిగారూ, మీరు అర్థం తెలిసే అన్నారా?"

"తెలిసే అన్నానండి." అది నా వైపు తిరిగింది. దాని మొహంలో ఏడుపు లేదు. "ఎనిమిది సార్లు చదివి ఇనిపించారన్నయ్యా. మొదట్లో అది నా మాట కాదేమో అనిపించేది. తరవాత్తరవాత ఏది నా మాటో తెలీలేదు. చదువుకున్నోళ్ళు రాశారు. సూది నేనే కదా పొడిచింది? నువ్వు చెప్పావని ఇప్పుడు మళ్ళీ మారిస్తే, ఆయన్ని నేను ఏం చేసినట్టన్నయ్యా? ఇంటికొచ్చి ఏం చేసుకోను? ఇలా ఉండనీ."

ఫైలు మూసుకుంది. ఈసారి అందులో తప్పు లేదు. అన్నది అన్నట్టే రాసుకున్నారు. ఇందుమతిగారు గోడకి చేయి ఆనించి నిలబడ్డారు. ఆ నెలలోనే ఆవిడ ఉద్యోగం వదిలేశారని తెలిసింది.

తరువాత నన్నూ పిలిచారు. పట్టీలో తప్పు ఎలా జరిగిందో విచారించాలన్నారు. అదే గది, చెల్లెలు కూర్చున్న అదే కుర్చీ. గొంతు నా పేరు, వయసు, చేసిన ఉద్యోగం అడిగింది. పదకొండు వందల నలభై ఆరో వరస ఎందుకలా రాశారని అడిగింది. ఆకలేసిందని చెప్పాను. అది నిజమే. ఆ పొరపాటు వల్ల ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి అంది.

"నా చెల్లెల్ని నేనే చంపుకున్నాను" అన్నాను.

గొంతు ఆగింది. ఇదివరకు ఇలా ఆగేది కాదు. కొత్త పట్టీ నేర్పిన మర్యాద అది.

"భీమశంకరంగారూ, ఈ మాట మీరు బాధతో అంటున్నారా, నేరం ఒప్పుకుంటూ అంటున్నారా? ఆలోచించుకుని చెప్పండి. మీరు ఏదంటే అదే రాసుకుంటాను."

ఎంత చక్కటి ప్రశ్న. ఏడాది కిందట ఇదే ప్రశ్న ఇదే కుర్చీలో ఒక్కసారి అడిగి ఉంటే, ఈపాటికి సత్యవేణి ఫరంపేటలో పానాలకి నూనె రాసుకుంటూ ఉండేది. గొంతు ఓపిగ్గా ఎదురుచూసింది.

"అంత విడదీయక్కర్లేదు" అన్నాను. "చంపాను. సాఫు చేసి రాసుకో."